రేగడి నేలలో మొక్కజొన్న: గింజ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి

మా చెల్లెలి కూతురు అమెరికాలో ఇల్లినాయిలో ఉంటుంది. ఇంటి వెనక నాలుగు సాళ్లు మొక్కజొన్న వేసుకోవడం దానికి ఇష్టం. ఏటా ఏప్రిల్‌లో ఫోన్ చేసి, "పెద్దమ్మా, నేల ఇంకా వెచ్చబడలేదు" అని దిగులు పడుతుంది. అక్కడి రైతులకు ఒక కొలత ఉంది. ఉదయంపూట రెండంగుళాల లోతున నేల 10 డిగ్రీలకు వచ్చి, నాలుగైదు రోజులు అంతకు దిగకుండా ఉంటే గింజ వేస్తారు. థర్మామీటర్లు లేని రోజుల్లో ఓక్ చెట్టు చిగురు ఉడత చెవంత అయ్యేదాకా ఆగేవారట.

రాయచూరు జిల్లాలోని మా బాళగనూరులో ఆ 10 డిగ్రీల బెంగ లేదు. పుష్యమాసం తెల్లవారుజామున కూడా మా నేల అంతకంటే వెచ్చగానే ఉంటుంది. అయినా మా పెరట్లో గింజ కుళ్లిపోయిన ఏడు ఉంది, పొత్తు సగం బోడిగా వచ్చిన ఏడూ ఉంది. మా నాన్నగారి తరం తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ల వెంట గుంటూరు వైపు నుంచి వచ్చి, ఈ చుట్టుపక్కల కాంపుల్లో స్థిరపడింది. నేను పుట్టి పెరిగింది ఈ నల్లరేగడిలోనే. ఇన్నేళ్లలో నాకు తెలిసివచ్చింది ఒకటుంది. గింజ వేసే రోజు నేల ఎంత వెచ్చగా ఉందో చూసుకోవడం సగం పనే. ఆ గింజ మొక్కై పీచు వేసే రోజుకి ఎండ ఎంత ఉంటుందో ముందే లెక్కవేసుకోవడం మిగతా సగం. రేగడిలో పెరటి మొక్కజొన్న వేసుకునేవాళ్ల కోసం ఇవి రాస్తున్నాను.

1. జ్వరం చూసే థర్మామీటరును నేలలో గుచ్చకండి. అది 35 డిగ్రీల కంటే కిందికి చూపించదు. పాదరసం ఉన్నదైతే పగిలి పెరడంతా విషం. పొడవాటి ఇనుప పుల్ల ఉండి, వంటల్లో వేడి చూడడానికి వాడే థర్మామీటరు దొరుకుతుంది. అది చాలు. ముందు సన్నని పుల్లతో బెజ్జం చేసి, అందులోకి దింపండి. రేగడి ఎండితే రాయిలా ఉంటుంది, నేరుగా గుచ్చితే ములుకు వంగిపోతుంది. గింజ పడే లోతునే, అంటే వేలి ఒకటి రెండు కణుపుల లోతున చూడాలి. పై మట్టి వేడి చూసి మోసపోకూడదు.

2. చూడాల్సిన వేళ ఉదయం 7, 8 గంటల మధ్య. రాత్రంతా చల్లబడిన నేల ఆ వేళకు బాగా చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం 3 గంటలకు మళ్లీ ఒకసారి చూడండి. డిసెంబరు చివర్లో మా పెరట్లో ఉదయం 18, 19. మధ్యాహ్నం 26, 27 చూపించింది. ఒక్కరోజు చూసి నిర్ణయించవద్దు, మూడు రోజులు చూడండి. మామూలు మొక్కజొన్నకు ఉదయం 15 దాటితే చాలు. తీపి మొక్కజొన్నకు 18 దాటితే నిశ్చింత. తీపి రకాల గింజ ఎండితే ముడతలు పడి ఉంటుంది. పిండి తక్కువ కాబట్టి మొలకకు లోపల ఉన్న తిండీ తక్కువే. చల్లటి తడిలో ఎక్కువ రోజులు ఓర్చుకోలేదు.

3. థర్మామీటరు లేకపోతే అరికాలు ఉంది. మా పక్క చేను అజ్జ తెల్లవారుజామున చెప్పులు విప్పి, చేలో కాసేపు కదలకుండా నిలబడేవాడు. కాలికి జిల్లుమంటే ఇంకా వారం ఆగేవాడు. ఆయన గడ్డపారతో జానెడు మట్టి లేపి ఆ గుంటలో కాలు పెట్టడం కూడా నేను చూశాను. పైన ఎలా ఉన్నా అడుగు చల్లదనం చెబుతుంది అనేవాడు. పండగలు కూడా మనకు గుర్తులే. మార్గశిర అమావాస్యకు ఇక్కడి వాళ్లు ఎళ్ల అమావాస్య చేసుకుంటారు. చేలోకి వెళ్లి పూజ చేసి, వండిన పదార్థాలు పైరు మీద చల్లి, అందరూ కూర్చుని తింటారు. ఆ పండగ నుంచి సంక్రాంతి దాకా చలి గట్టిగా ఉంటుంది. రథసప్తమికి ఎండ మారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనం అనుకునేదే. అయితే శివరాత్రి దాకా ఆగితే మొక్కజొన్నకు ఆలస్యమైపోతుంది. ఎందుకో 10వ చిట్కాలో చెబుతాను.

4. వెచ్చదనం కంటే ముందు పదును చూడండి. ఇక్కడి కన్నడం వాళ్లు "హద" అంటారు, మనం పదును అంటాం. రెండూ ఒకటే. రేగడి నీళ్లు తాగితే వారం పది రోజులు వదలదు. తడి నేల వెచ్చబడడానికి ఎక్కువ ఎండ కావాలి, పైగా నీరు ఆవిరవుతూ ఉన్న వేడినీ లాక్కుపోతుంది. అందుకే పక్కపక్కనే ఉన్న ఎర్ర చెలక, నల్లరేగడి రెండింటిలో చలికాలం ఉదయం రేగడే చల్లగా ఉంటుంది. ఒక డిసెంబరులో నేను తెలియక సాళ్ల నిండా నీళ్లు పెట్టి, ఆ బురదలోనే నలభై తీపి మొక్కజొన్న గింజలు నాటాను. పదకొండే మొలిచాయి. మిగతావి తవ్వి చూస్తే మెత్తగా జావైపోయి ఉన్నాయి. వాటిని చంపింది చలి ఒక్కటే కాదు. గాలి ఆడని తడిలో గింజకు ఊపిరి అందలేదు, చలికి మొలక నెమ్మదించింది, ఈలోపు బూజు పట్టింది.

పదును చూడడం ఇలా: రెండు కణుపుల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో ముద్ద చేయండి. నడుమెత్తు నుంచి వదలండి. పడి నాలుగు ముక్కలైతే పదును కుదిరింది. చప్పగా అతుక్కుపోతే ఇంకా తడి ఉంది. ముద్దే కాకపోతే ఆరిపోయింది. ఇంకా తేలిక గుర్తు, సాళ్ల మధ్య నడిచినప్పుడు రేగడి కాలికి అంటి బరువెక్కుతుంటే ఆ రోజు గింజ జోలికి పోకండి. నీళ్లు ముందు పెట్టి, నాలుగైదు రోజులు ఆరనిచ్చి, పదునులో గింజ వేయడం చలికాలానికి మంచి పద్ధతి. గింజ వేసి నీళ్లు పెట్టడం ఎండలు ముదిరాక చేసే పని.

5. గింజనే అడగండి. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. పది గింజలు తడిగుడ్డలో మూటకట్టి వంటింట్లో ఒక మూల పెట్టండి. ఇంకో పది గింజలు గుడ్డలో వదులుగా కట్టి, పెరట్లో వేయబోయే చోటే రెండు కణుపుల లోతున పాతండి, దారం బయటికి ఉంచండి. ఐదో రోజు రెండూ విప్పండి. వంటింట్లో తొమ్మిది మొలిచి, పెరట్లో ఎనిమిదైనా మొలిస్తే నేల సిద్ధం. వంటింట్లో మొలిచి పెరట్లో మొలవకపోతే గింజ మంచిదే, నేలే ఇంకా చల్లగానో ముద్దగానో ఉంది. రెండుచోట్లా మొలవకపోతే గింజే పాతది, నేలను తిట్టుకోనక్కర్లేదు. ఇరవై గింజల ఖర్చుతో తేలిపోతుంది.

6. లెక్క ఇష్టమైనవాళ్లకు ఒక లెక్క. రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు కూడి, సగం చేసి, 10 తీసేయండి. 30 దాటిన వేడిని 30గానే, 10 కంటే తక్కువను 10గానే పట్టుకోవాలి. ఎందుకంటే 30కి మించిన వేడి మొక్కజొన్న ఎదుగుదలకు కలిసిరాదు, 10 కంటే చలిలో అది కదలదు. రోజూ వచ్చిన అంకెలు కూడుతూ పోతే, 65 దగ్గరికి వచ్చేసరికి మొలక పైకి కనబడుతుంది. జనవరిలో ఇక్కడ పగలు 30, రాత్రి 16 అనుకోండి: కలిపితే 46, సగం 23, పది తీస్తే 13. అంటే ఐదు రోజులు. ఫిబ్రవరి చివర్లో పగలు 34 ఉన్నా 30గానే పట్టి, రాత్రి 20 కలిపితే 15 వస్తుంది. నాలుగు రోజులు దాటగానే మొలక. అదే ఇల్లినాయిలో ఏప్రిల్ చివర పగలు 18, రాత్రి 8 అయితే రోజుకు 4 మాత్రమే. పదహారు రోజులు! ఆ పిల్ల దిగులు ఎందుకో ఈ లెక్క వేశాకే నాకు అర్థమైంది. రేగడి తడిగా ఉంటే మన లెక్కకు రెండు రోజులు కలుపుకోండి. వారంలో రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ సూచనల్లో ఈ అంకెలు ఉంటాయి. మేఘదూత్ యాప్‌లోనూ చూసుకోవచ్చు.

7. చదును మడి కంటే బోదె వెచ్చగా ఉంటుంది. నీరు దిగిపోతుంది, ఎండ తగిలే వాలు ఎక్కువ. బోదెలు తూర్పు పడమరలుగా తీస్తే చలికాలంలో దక్షిణపు వాలుకు రోజంతా ఎండ తగులుతుంది. అప్పుడు సూర్యుడు మనకు దక్షిణంగానే తిరుగుతాడు కదా. గింజను ఆ వాలున, బోదె నడిమి ఎత్తులో వేయండి. కొనమీద వేస్తే త్వరగా ఆరిపోతుంది, అడుగున వేస్తే నీళ్లలో ఉంటుంది.

8. లోతు కాలాన్ని బట్టి మారాలి. చలికాలంలో 3 సెంటీమీటర్లు, అంటే ఒక కణుపు పైచిలుకు. ఎండలు ముదిరాక 5 సెంటీమీటర్లు, రెండు కణుపులు. పైకి మరీ తేలిస్తే కాకులు, నెమళ్లు, ఉడతలు ఏరుకుపోతాయి.

9. చలికాలంలో గింజను గోరువెచ్చని నీళ్లలో ఎనిమిది గంటలు నానబెట్టి, నీడన తడి ఆర్చి వేస్తే ఒక రోజు కలిసొస్తుంది. కానీ రంగు పూసిన గింజను నానబెట్టకూడదు. అది మందు పట్టించిన గింజ. చేతికి తొడుగు వేసుకుని వేయండి. మిగిలినది కోళ్లకు వేయవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు.

10. ఇప్పుడు అసలు మాట. గింజ వేసే తేదీ నుంచి ముందుకు లెక్కపెట్టండి. చలికాలంలో వేసిన మొక్కజొన్న 60 నుంచి 65 రోజులకు పీచు వేస్తుంది. కొంచెం వెచ్చబడ్డాక వేసినది 55 రోజులకే వేస్తుంది. పీచు వేసే ఆ వారం పది రోజులే పొత్తు తలరాత. మొక్క తలమీద పూతలోని పుప్పొడి రాలి, కింద పీచు మీద పడాలి. ఒక్కో పీచు పోగుకు ఒక్కో గింజ. ఏ పోగు మీద పుప్పొడి పడలేదో అక్కడ గింజ ఉండదు. ఎండ 38 దాటి, గాలి పొడిగా వీస్తే పుప్పొడి ఎండి చచ్చిపోతుంది, పీచూ తడారిపోతుంది. రాయచూరు జిల్లాలో ఏప్రిల్ వచ్చిందంటే 40 దగ్గరలోనే ఉంటాం.

శివరాత్రి దాకా ఆగి, నేల బాగా వెచ్చబడిందని సంతోషంగా ఫిబ్రవరి చివర వేశాననుకోండి. మొలక నాలుగు రోజుల్లో వస్తుంది. మొక్క చూడముచ్చటగా ఎదుగుతుంది. పీచు ఏప్రిల్ చివరి వారంలో వస్తుంది. నేను ఒక ఏడు అలాగే చేశాను. ఒలిచి చూస్తే పొత్తుకు ముప్ఫై గింజలు, అవీ ఎక్కడివక్కడ విడివిడిగా. పిల్లలు కాల్చుకు తిందామని ఎదురుచూసి, ఒట్టి బెండు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. రెండు నెలలు నీళ్లు మోసి పెంచిన మొక్కలు.

కాబట్టి ఇక్కడ మన "త్వరగా వేయడం" అంటే చలి తగ్గాక అందరికంటే ముందు వేయడం అని అనుకోవద్దు. చలి ఇంకా ఉండగానే, గింజ ఓర్చుకునేంత వెచ్చదనం ఉన్న రోజు వెతుక్కుని వేయడం. సంక్రాంతి లోపు వేస్తే పీచు మార్చి నడిమికి వస్తుంది. అప్పటికి ఎండలు 36, 37 దగ్గర ఉంటాయి, తడి తప్పకుండా చూసుకుంటే గట్టెక్కుతుంది. ఇంకా మంచిది అక్టోబరు చివర, నవంబరు మొదటి రోజులు. అప్పుడు నేల వెచ్చగా ఉంటుంది, పీచు వేళకు ఎండా ఉండదు. చేలో వరో పత్తో ఉండి వీలుపడనివాళ్లకే జనవరి. వేపచెట్టు చిగురించిందంటే, ఆ ఏటికి ఇక గింజ డబ్బాలో పెట్టేయండి.

11. నీళ్లు ఎప్పటిదాకా ఉంటాయో కనుక్కోండి. కాలువ కింద వాళ్లకు ఇది నేల వేడికంటే పెద్ద లెక్క. రెండో పంటకు కాలువ ఏ తేదీ దాకా వదులుతారో నీటిపారుదల సలహా సమితి ప్రకటిస్తుంది. ఆ ప్రకటన విన్నాకే గింజ తీయండి. చివరి ఆయకట్టులో ఉన్నవాళ్లు ప్రకటించిన తేదీకి రెండు వారాలు ముందే నీళ్లు ఆగుతాయనుకుని లెక్కవేసుకోవడం మంచిది. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయిన రోజుల్లో కాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. ఏడు దశాబ్దాల కిందటి ఆనకట్ట మీద మన కడుపులు ఎంతగా ఆధారపడ్డాయో అప్పుడు అందరికీ అర్థమైంది. పీచు వేసే పది రోజులకు, ఆ తర్వాత పాలుపోసుకునే పదిహేను రోజులకు బోరో, తొట్టిలో నిలవ నీరో చేతిలో లేకపోతే ఆ పెరట్లో మొక్కజొన్న బదులు గోరుచిక్కుడు వేసుకోండి.

12. వరి కోసిన మాగాణిలో వేసేవాళ్లకు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వరి కోశాక దున్నకుండానే తాడు పట్టి, కర్రతో బెజ్జాలు చేసి మొక్కజొన్న గింజ వేయడం ఏళ్లుగా ఉంది. ఇక్కడి కాంపుల్లోనూ మన బంధువులను చూసి కొందరు చేస్తున్నారు. మిగిలిన తడిని వాడుకోవడానికి చక్కటి పద్ధతి. ఒక్క జాగ్రత్త. దున్నని నేల మీద వరి గడ్డి పరుచుకుని ఉంటే ఎండ దిగదు, కింద నేల చల్లగా ముద్దగా ఉండిపోతుంది. గింజ వేసే వరసలో గడ్డిని పక్కకు జరిపి, మూడు రోజులు ఎండ తగలనివ్వండి.

13. గడ్డి కప్పడానికీ ఒక వేళ ఉంది. చలికాలంలో మొలక వచ్చి నాలుగాకులు వేసేదాకా ఏమీ కప్పవద్దు. ఫిబ్రవరి నడిమి నుంచి మొక్కల మొదళ్లలో అరచేతి మందాన వరి గడ్డి పరవండి. అప్పటి నుంచి మనకు కావలసింది చల్లదనం.

14. ముంగారు, అంటే తొలకరి, వానకు వేసేవాళ్లు వేడితోనే జాగ్రత్తగా ఉండాలి. రోహిణిలో రోళ్లు పగులుతాయి అంటారు. ఆ కార్తెలో ఎండిన రేగడి పైపొర మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటుతుంది. ఆ మట్టి మీద ఒక్క వాన పడగానే గింజ వేస్తే ఉబ్బుతుంది, మొలక తల ఎత్తుతుంది, వాన మొహం చాటేస్తే రెండు రోజుల్లో పైపొర పెంకు కట్టి మొలకను కింద మాడ్చేస్తుంది. రేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే వేయాలి. ఆ కొలత ఇంట్లోనే తీయవచ్చు. గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టండి, వాన వెలిశాక పిల్లల స్కేలు దించి చూడండి. మూడు నాలుగు రోజుల వానలు కలిపి ఆరు, ఏడు సెంటీమీటర్లు వస్తే, గడ్డపార గుచ్చితే జానెడు లోతు దాకా తడి కనబడితే, అప్పుడు వేయండి. సాధారణంగా అది జూన్‌లో మృగశిర కార్తె వచ్చాకే.

15. గింజ కొనేటప్పుడు ఒక మాట. కన్నడంలో "జోళ" అంటే మన జొన్న. కొట్లో "మెక్కెజోళ" అనో "గోవిన జోళ" అనో అడగండి. సంచి మీద పరీక్ష తేదీ, మొలక శాతం చూసి తీసుకోండి. పక్కింటి వాళ్లు మేతకు మామూలు మొక్కజొన్న వేస్తుంటే, మీ తీపి రకం వాళ్లకంటే మూడు వారాలు ముందో వెనకో వేయండి. పుప్పొడి కలిస్తే గింజ తీపి పోయి పిండిబారుతుంది.

16. నాలుగు సాళ్లు పక్కపక్కన వేయండి, గోడ వెంట ఒకే పొడవు సాలు వద్దు. గాలికి పుప్పొడి పక్క మొక్కల మీద పడాలి.

17. ఏడో రోజుకి మొలక కనబడకపోతే ఒక చివర రెండు గింజలు మాత్రమే తవ్వి చూడండి. తెల్లటి మొలక గట్టిగా ఉంటే ఇంకో మూడు రోజులు ఆగండి. గింజ నొక్కితే జావ కారితే ఆ సాలు మళ్లీ వేయాలి. ఖాళీలను పదో రోజు లోపే పూడ్చాలి, తర్వాత వేసినవి పక్క మొక్కల నీడలో ఎదగవు. నేను గింజ వేసిన రోజే పది పన్నెండు గింజలు కాగితపు కప్పుల్లో కూడా వేసి ఉంచుతాను. ఖాళీ కనబడగానే మట్టితో సహా దింపేస్తాను.

18. గోడ క్యాలెండరు మీద నాలుగు తేదీలు రాసుకోండి: గింజ వేసింది, మొలిచింది, పీచు వేసింది, కోసింది. పీచు వేసిన ఇరవై రోజులకు గింజను గోటితో గిల్లితే పాలు వస్తాయి, తీపి పొత్తు కోయాల్సింది అప్పుడే. పోయిన ఏడు మా క్యాలెండరు మీద ఉన్నవి ఇవి: జనవరి 4న వేశాను, 10న మొలిచింది, మార్చి 8న పీచు, 29న కోశాను. ఆ సాయంత్రం బొగ్గుల మీద కాల్చిన పొత్తుల ఫొటో ఇల్లినాయికి పంపాను. దాని పెరట్లో అప్పటికి నేల 6 డిగ్రీల దగ్గరే ఉంది.